డోయల్స్‌టౌన్‌లో ఒక పొల్లుహల్లు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని డోయల్స్‌టౌన్‌కి రైల్లో వెళ్తానంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు. "కార్లో గంటన్నర కూడా పట్టదు అన్నయ్యా. ఆదివారం దాకా ఆగితే మీ బావ దింపుతారు," అంది. నేను చూడాలనుకున్న పాటల ప్రదర్శన రిహార్సలేమో శనివారం. ట్రెంటన్‌లో ఒకసారి, ఫిలడెల్ఫియా జెఫర్సన్ స్టేషన్‌లో ఇంకోసారి రైలు మారాలి. పడమట ఉన్న ఊరికి ముందు నైరుతికి దిగి, మళ్ళీ ఉత్తరానికి ఎక్కాలన్నమాట. ట్రెంటన్‌లో మెట్లు దిగుతుండగానే రైలు కదిలిపోయింది. తర్వాతిది గంటకి. ఆ గంటలో ఒక కాఫీ, ఒక బేగెల్ కలిపి 12 డాలర్లు. రానూపోనూ టికెట్ల డబ్బు కూడా కలిపితే విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఏసీ బస్సులో వెళ్ళి రావచ్చు, దారిలో సూర్యాపేట దగ్గర భోజనంతో సహా.

ఊరి అంచున హైలాండ్ ఫామ్ ఉంది. పాటల రచయిత ఆస్కర్ హామర్‌స్టీన్ 1940లో కొనుక్కున్న ఇల్లు. 1960 ఆగస్టులో ఆయన పోయింది కూడా అందులోనే. తెల్లటి ఇల్లు, చుట్టూ వరండా. సంగీతకర్త రిచర్డ్ రాడ్జర్స్‌తో కలిసి ఆయన చేసిన మొదటి నాటకం ‘ఓక్లహోమా!’ 1943లో వచ్చింది. అందులో మొదటి పాట మాటలకి హామర్‌స్టీన్‌కి మూడు వారాలు పట్టిందనీ, బాణీకి రాడ్జర్స్‌కి పది నిమిషాలు సరిపోయాయనీ చెబుతారు. అంతకుముందు లోరెంజ్ హార్ట్ అనే రచయితతో పనిచేసినన్నాళ్ళూ రాడ్జర్స్ బాణీ ముందు ఇచ్చేవాడు, మన సినిమాల్లో లాగా. హామర్‌స్టీన్‌తో మాత్రం మాట ముందు, బాణీ తర్వాత. అప్పటినుంచి ఇద్దరి పేర్లూ ఒక్క ఊపిరిలో పలకడం అలవాటైంది, మనం తిరుపతి వేంకట కవులు అన్నట్టు. ఆ ఇంటి దగ్గర అరగంట నిలబడ్డాను. మాట ముందు అన్న సంగతి ఎంత పెద్దదో అక్కడ తెలియలేదు, సాయంత్రం తెలిసింది.

రిహార్సల్ జరిగేది స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక చర్చి హాల్లో. 140 కుర్చీలు, మూడడుగుల ఎత్తు స్టేజీ. ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సాయంత్రాలు కూడి తయారుచేసుకున్న ప్రదర్శన ‘ఎ గ్రాండ్ నైట్ ఫర్ సింగింగ్’. వాల్టర్ బాబీ ఈ జంట పాటలు ఏరి కూర్చిన రెవ్యూ ఇది, 1993లో బ్రాడ్వే ఎక్కింది. ఐదుగురే గాయకులు: ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. రెవ్యూలో కథ ఉండదు. వేరే వేరే నాటకాల్లోంచి పాటలు తెంపి తెచ్చి, పక్కపక్కన పెట్టి, అవే ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చెయ్యాలి. ఉదాహరణకి ‘మారియా’. ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో ఆ పాట సన్యాసినులు తమ దగ్గరున్న అల్లరి పిల్ల గురించి విసుగ్గా పాడేది. ఇక్కడ ఒక కుర్రాడు తను మనసిచ్చిన అమ్మాయి గురించి పాడతాడు. ఒక్క మాట మారదు, పాట మొత్తం మారిపోతుంది.

ఇలాంటిది సొంతంగా కూర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు హక్కుల సంగతి చూసుకోవాలి. నచ్చిన ఇరవై పాటలు ఏరుకుని వేసేద్దాం అనుకుంటారు. హాలుకి పాటల హక్కులు చూసే ఆస్కాప్ లాంటి సంస్థ లైసెన్సు ఉంటే కచేరీలో లాగా నిలబడి పాడటం వరకే చెల్లుతుంది. వేషం కట్టినా, మధ్యలో సంభాషణ పెట్టినా, పాటల్ని కథగా అల్లినా అది నాటకం కిందికి వస్తుంది. దానికి ‘గ్రాండ్ రైట్స్’ అని వేరే అనుమతి కావాలి. అందుకే చిన్న బృందాలు తయారుగా ఉన్న రెవ్యూనే తీసుకుంటాయి. రుసుము ఒక్కో ప్రదర్శనకి ఇంత అని, సీట్ల సంఖ్యనీ టికెట్టు ధరనీ బట్టి వేస్తారు. ఒక పాట ఎగ్గొట్టాలన్నా, ఆడగొంతు పాట మగగొంతుకి ఇవ్వాలన్నా ఉత్తరం రాసి అడగాల్సిందే. అద్దెకి వచ్చిన నోటేషన్ పుస్తకాల్లో పెన్సిల్ గీతలే ఉండాలి, తిరిగిచ్చేటప్పుడు చెరిపి ఇవ్వాలి.

నేను వెళ్ళేసరికి ‘క్యూ టు క్యూ’ నడుస్తోంది. అంటే పాటలు పూర్తిగా పాడరు, లైటు మారే చోటు, మనిషి కదిలే చోటు మాత్రమే చూసుకుంటారు. స్టేజీ మేనేజరమ్మ హెడ్‌సెట్‌లో "లైట్ 41, స్టాండ్‌బై" అంటుంది. బోర్డు దగ్గరి అబ్బాయి "స్టాండింగ్ బై" అంటాడు. తర్వాత "గో". ఆ మాటని ఆ హాల్లో ఎవరూ మరే సందర్భంలోనూ వాడరు, పొరపాటున విన్నా అబ్బాయి మీట నొక్కేస్తాడు మరి. స్టేజీ ముందంచున నడిమధ్య సున్నా, అటూ ఇటూ రెండడుగులకొక అంకె రాసి ఉంది. "ఎడమ 6 దగ్గరికి రా" అంటే చాలు. స్టూళ్ళు ఉండాల్సిన చోట ఒక్కో గాయకుడికి ఒక్కో రంగు టేపు. చీకట్లో స్టూలు ఎత్తుకెళ్ళేవాళ్ళ కోసం మెరిసే టేపు ముక్క వేరే.

ఇక పాట ముగింపు. 30కి పైగా పాటలు. ఒక్కోదానికి 20 సెకన్ల చప్పట్లు వేసుకున్నా 10 నిమిషాలు చప్పట్లకే పోతాయి. అందుకే దర్శకుడు మొదట తేల్చుకోవాల్సింది ఏ పాటకి చప్పట్లు రానివ్వాలి, ఏ పాటని దేంట్లోకి జార్చాలి అని. చప్పట్లు కావాలంటే చివర ముక్తాయింపు ఖచ్చితంగా పడాలి, ఆ దెబ్బ మీదే లైటు మారాలి. లైటు అర సెకను ఆలస్యమైతే జనం అయిపోయిందో లేదో తెలియక చేతులు ఒళ్ళోనే ఉంచుకుంటారు. చప్పట్లు పతాకస్థాయికెక్కి తగ్గడం మొదలైన క్షణాన పియానో తర్వాతి పాట ఎత్తుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే హాలు చల్లబడుతుంది. మన పద్యనాటకంలో హార్మోనిస్టు ‘వన్స్ మోర్’ కేకల్ని పసిగట్టి మళ్ళీ శ్రుతి అందుకునేది ఈ లెక్క మీదే. ఇక్కడ వన్స్ మోర్ లేదు, మిగతాదంతా అదే చెవి.

వరసలో ఇంకో ప్రమాదం వాల్ట్జులు. రాడ్జర్స్‌కి మూడు దెబ్బల నడక మీద మహా మక్కువ, మంచి మంచివన్నీ అందులోనే కట్టాడు. అవి రెండు వెంటవెంటనే వస్తే మూడో దానికి జనం ఊయల్లో పడుకున్నట్టే. మధ్యలో ఒక గడుసు పాట దూర్చాలి.

మధ్యాహ్నం భోజనం తర్వాత పియానో శ్రుతి దిగింది. శుక్రవారమే శ్రుతి చేయించారట. రాత్రి చలికి హీటరు వేశారు. గాలి పొడిబారి, పియానో లోపలి చెక్క పలక కుంచించుకుని, తీగల బిగువు తగ్గుతుంది. మధ్య స్థాయిలో ఎక్కువగా, అటూ ఇటూ తక్కువగా దిగుతుంది కాబట్టి వింటే ఏదో ఒక స్వరం కాదు, మొత్తం వాయిద్యమే పుల్లగా ఉంటుంది. పియానో హాల్లోకి తెచ్చాక రెండు మూడు రోజులు ప్రదర్శన నాటి వేడిలోనే ఉంచి, అప్పుడు శ్రుతి చేయించాలి. మొదటి ఆటకి ముందు ఇంకోసారి. రెండుసార్లు కూలి ఇవ్వడం భారమే, కానీ ఐదు గొంతులకి ఆధారమంతా ఆ ఒక్క వాయిద్యం.

మైకుల్లో ఒకటి మూగబోయింది. ఎవరో చవగ్గా అమ్మితే కొన్న పాత వైర్‌లెస్ సెట్టు. అమెరికాలో 617 నుంచి 652, 663 నుంచి 698 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే మైకులు వాడటం 2020 జూలై నుంచి నిషేధం, ఆ తరంగాలు ఫోన్ కంపెనీలకి వెళ్ళిపోయాయి. వెనక స్టిక్కరు మీద అంకె చూడకుండా కొంటే ఇలాగే అవుతుంది. మిగతా నాలుగింటికీ ఆటాటకీ కొత్త బ్యాటరీలు వేస్తున్నారు. గాయకులు వినడానికి ముందు పెట్టిన మానిటర్ స్పీకర్లో పియానో ఒక్కటే వదిలారు, గొంతులు కూడా వదిలితే కూత పెడుతుంది.

నాలుగింటికి ‘షల్ వి డాన్స్’ మొదలుపెట్టారు. చివరి మాట ‘డాన్స్’. ఐదుగురూ కలిసి ఆ మాట పట్టుకుని వదిలేసరికి ఐదు ‘స్’లు ఐదు చోట్ల పడ్డాయి. మైకుల్లోంచి అది కుక్కరు మూత తీసినట్టు వినిపించింది. సంగీత దర్శకురాలు పియానో మీద నుంచి చెయ్యెత్తి ఆపింది. పరిష్కారం చాలా సాదాగా ఉంది: ‘స్’ ఒక్కరే పలకాలి, మిగతా నలుగురూ ‘డాన్’ దగ్గర ఆగిపోవాలి. వినేవాళ్ళ చెవి మిగతాది పూరించుకుంటుంది. ఆ ఒక్క ‘స్’ కూడా ఎప్పుడు పడాలో అంకె చెప్పింది. అచ్చు నాలుగు దెబ్బలు పట్టి, తర్వాతి ఆవృత్తం మొదటి దెబ్బ మీద హల్లు. ‘హలో యంగ్ లవర్స్’ చివర ‘ఓన్’ అన్న మాట ఇంకో రకం చిక్కు. ‘న్’ని తొందరపడి మూసేస్తే నాదం ముక్కులోకి పోయి పాట కుంగిపోతుంది. చివరి క్షణం దాకా ‘ఓ’ మీదే ఉండి, నాలిక అప్పుడు అంగిలికి తాకాలి.

అప్పుడామె హామర్‌స్టీన్ 1949లో అచ్చువేసిన పాటల పుస్తకంలోని సంగతి వాళ్ళకి చెప్పింది. ‘కరౌసెల్’లోని ఒక పాట తను అనుకున్నంతగా జనంలోకి పోలేదని ఆయన ముందుమాటలో బాధపడ్డాడు. కారణం, పాటని ‘టాక్’ అనే మాటతో ముగించడమేనని తేల్చుకున్నాడు. చివర ‘క్’ వచ్చి నోరు టక్కున మూస్తుంది, గాయకుడికి సాగదీసే చోటు లేదు. ఎంత పేరున్న కవి, ఒక్క కకారప్పొల్లు గురించి అన్నేళ్ళు మథనపడ్డాడు! అందుకే ఆయన పెద్ద పాటలు చాలావాటికి చివర ‘గో’, ‘యూ’, ‘వే’ లాంటి తెరిచిన అచ్చులు. పొద్దున చూసిన వరండా నాకు అప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాలు మాటల కోసం పట్టాయంటే అందులో ఎన్ని గంటలు గాయకుడి నోటి కోసం పోయాయో.

తెలుగు అజంత భాష అని బడిలో చదువుకుంటాం, పరీక్షలో రాసి మర్చిపోతాం. దాని విలువ ఈ హాల్లో కూర్చుంటే తెలుస్తుంది. మన పద్యం పాదం చివర అచ్చుండబట్టే నటుడు మాట అయిపోయాక కూడా రాగం ఎంతసేపు కావాలంటే అంతసేపు తీస్తాడు, హార్మోనియం వెంట నడుస్తుంది. సురభి నాటకాల నుంచి ఊరి శ్రీరామనవమి పందిళ్ళ దాకా ఆ రాగాల కోసమే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. ఇక్కడ ఐదుగురు ఒక ‘స్’ కోసం నలభై నిమిషాలు చెమటోడ్చారు. ఎడిసన్‌లో మా మేనకోడలు తెలుగు సంఘం కార్యక్రమానికి పాట నేర్చుకుంటూ ‘వచ్చాడు’ని ‘వచ్చాడ్’ అని ముగిస్తోంది, ఇంగ్లీషు నోటికి ఆ చివరి ఉకారం అక్కర్లేనిదిగా తోస్తుంది. అక్కడ పట్టుకుని నాలుగు దెబ్బలు సాగదీయమని చెప్పాలి.

ఆరున్నర రైలు తప్పితే రాత్రి ట్రెంటన్‌లో మళ్ళీ గంట. లేచి తలుపు దాకా వచ్చాను. లోపల నాలుగోసారి అదే చోటు నుంచి ఎత్తుకున్నారు. "లైట్ 58, స్టాండ్‌బై." డాన్ అని ఐదు గొంతులూ నిలబడ్డాయి, ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. ఒక్క లావుపాటి మగగొంతు ‘స్’ అంది. "గో." లైటు సరిగ్గా దాని మీదే ఆరింది.