నా ల్యాప్‌టాప్‌లో రెండు పోస్ట్‌గ్రెస్‌లు

మా బృందంలో నలుగురం. చిన్న దుకాణాల ఖాతాలు చూసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏడాదిగా అందరికీ కలిపి సర్వర్‌లో ఒకే టెస్ట్ డేటాబేస్ ఉండేది. ఒకరు ఒక కాలమ్ పేరు మారిస్తే మిగతా ముగ్గురి ప్రోగ్రాములూ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. మొన్న ఒక శుక్రవారం ఇలాంటి మార్పు వల్లే నేను రెండు రోజులు కూర్చుని ఎక్కించుకున్న పరీక్ష డేటా అంతా పోయింది. ఇక నా డేటాబేస్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉండాలని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను.

మా సర్వర్‌లో డేటాబేస్‌ను నడిపేది పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్, 16వ వెర్షన్. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది, అందులో వచ్చేదీ 16వ వెర్షనే. ఇన్‌స్టాల్ చేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నాకోసం ఒక యూజర్‌ని, ఒక డేటాబేస్‌ని సృష్టించి, ఆ యూజర్ పేరుతో లోపలికి వెళ్లబోతే ‘పీర్ అథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వచ్చింది. పాస్‌వర్డ్ అడగనైనా అడగలేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే చాలామంది ఒకటే మందు చెబుతున్నారు: అనుమతుల ఫైలులో ‘పీర్’ అన్నచోట ‘ట్రస్ట్’ అని రాయమని. అలా రాస్తే ఆ దారిన ఎవరు ఏ పేరుతో వచ్చినా పాస్‌వర్డ్ లేకుండా తలుపు తెరుచుకుంటుంది. అది నాకు నచ్చలేదు. సొంత మెషిన్ అయినా సరే, రేపు ఆ ఫైలునే ఎవరైనా సర్వర్‌కు కాపీ చేయరని నమ్మకం ఏమిటి? అందుకే ఫైలు తెరిచి ఒక్కో వరుసా చదివాను. సాకెట్ ద్వారా, అంటే నెట్‌వర్క్‌తో పని లేకుండా ల్యాప్‌టాప్ లోపలే ఉండే దారిన వస్తే ఉబుంటులో నా పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని చూస్తుంది, అదే పీర్. లోకల్‌హోస్ట్ (ఈ మెషిన్‌కే ఉన్న నెట్‌వర్క్ చిరునామా) ఇచ్చి వస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. కాబట్టి ఫైలులో ఒక్క అక్షరం మార్చకుండా, కనెక్షన్‌లో లోకల్‌హోస్ట్ అని చేర్చాను. లోపలికి వెళ్లాను.

టేబుళ్లన్నీ చక్కగా తయారయ్యాయి. పని అయిపోయిందనుకుని, ఎందుకో ఒకసారి వెర్షన్ అడిగాను. 14 అని చూపించింది!

ఇన్‌స్టాల్ చేసింది 16. మరి ఈ 14 ఎక్కడిది? ఉబుంటులో క్లస్టర్ల జాబితా, అంటే మెషిన్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్‌ల జాబితా, చూపే కమాండ్ ఒకటుంది. అది ఇచ్చాక విషయం అర్థమైంది. రెండేళ్ల కిందట, ఉబుంటు 22.04 ఉన్న రోజుల్లో, ఏదో నేర్చుకుందామని పోస్ట్‌గ్రెస్ పెట్టి మరిచిపోయాను. ఉబుంటును అప్‌గ్రేడ్ చేసినా ఆ 14 అలాగే 5432 పోర్టులో (ప్రోగ్రాములు పోస్ట్‌గ్రెస్ కోసం మామూలుగా తట్టే తలుపు నంబరు) నడుస్తోంది. పోర్టు ఖాళీగా లేకపోవడంతో కొత్తగా వచ్చిన 16 పక్కనున్న 5433లో కూర్చుంది. ఇంతసేపూ నేను మాట్లాడింది పాతదానితో.

పాతదానిలో దాచుకోవలసినది ఏమీ లేదని రెండుసార్లు చూసుకున్నాకే దాన్ని తొలగించాను. 16ను 5432కు మార్చి, మళ్లీ స్టార్ట్ చేసి, అవే స్క్రిప్టులు మొదటి నుంచి నడిపాను. ఈసారి మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోయింది: పబ్లిక్ స్కీమాలో (డేటాబేస్‌లో టేబుళ్లు మామూలుగా చేరే అర) నాకు అనుమతి లేదట. 15వ వెర్షన్ నుంచి మామూలు యూజర్లు ఆ స్కీమాలో టేబుళ్లు సృష్టించకుండా కట్టడి చేశారు. డేటాబేస్ యజమానికి మాత్రం ఆ హక్కు ఉంటుంది. నేనేమో డేటాబేస్‌ను అడ్మిన్ పేరు మీదే సృష్టించాను. దాన్ని తీసేసి, నా యూజర్‌నే యజమానిగా పెట్టి మళ్లీ సృష్టిస్తే అన్ని టేబుళ్లూ వచ్చేశాయి. 14 మీదే పనిచేస్తూ పోయి ఉంటే ఈ తేడా కొత్త సర్వర్ పెట్టిన రోజున, కస్టమర్ ముందు బయటపడేది.

చివరగా తెలుగు పేర్లు. మా ఖాతాదారుల పేర్లన్నీ తెలుగులోనే ఉంటాయి. ‘విజయలక్ష్మి’ అని ఎక్కించి, పొడవు ఎంతో అడిగాను. మన లెక్కలో ఐదు అక్షరాలు. పోస్ట్‌గ్రెస్ 11 అంది. గుడులు, పొల్లులు అన్నిటినీ అది విడివిడిగా లెక్కపెడుతుంది: ఒక్క ‘క్ష్మి’లోనే ఆరు. బైట్లలో అడిగితే 33, ఒక్కోదానికి మూడు చొప్పున. పేరు కాలమ్‌కు మేము ఇచ్చిన హద్దు 20. ఇరవై అక్షరాలు చాలవా అనుకుని పెట్టిన హద్దులో సగానికి పైగా ఈ ఒక్క పేరే తినేస్తే, ఇంటిపేరు ఎక్కడ పట్టాలి?

మర్నాడు ఆ హద్దును 100కు పెంచే స్క్రిప్టు రాశాను. ముందు నా ల్యాప్‌టాప్‌లో నడిపి చూసుకుని, తరువాతే మిగతా ముగ్గురికీ పంపాను. ఇప్పుడు వాళ్లూ ఎవరి డేటాబేస్ వాళ్లు పెట్టుకుంటున్నారు. క్లస్టర్ల జాబితా ముందు చూసుకోమని ముగ్గురికీ చెప్పాను. అందులో ఒకరి ల్యాప్‌టాప్‌లోనూ పాత 14 ఉంది.