రూమ్‌మేట్ ఎవరో తెలిసే రోజు

ఈరోజు అమెరికాలో మా యూనివర్సిటీ హాస్టల్ గదులు కేటాయించే హౌసింగ్ ఆఫీసు నుంచి ఫస్టియర్ పిల్లలందరికీ రూమ్ వివరాల మెయిల్ వెళ్లింది. ఏ హాలు, ఏ గది, రూమ్‌మేట్ పేరేంటి, మూవ్-ఇన్ రోజు ఎన్నింటికి రావాలి, అన్నీ అందులోనే. మెయిల్ వెళ్లి ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఫోన్లు మొదలు. ఎంఎస్ చదువుకుంటూ వేసవి సెలవుల్లో ఇక్కడ పనిచేస్తున్న నాకు జులైలో ఇదొక మామూలు పనిదినమే. అవతల ఫోన్ పట్టుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లలకి మాత్రం మామూలు కాదు. అందుకే ఎంత రద్దీగా ఉన్నా ఓపిగ్గా చెప్పాలనిపిస్తుంది.

అందరూ అడిగేది ఒకటే, "నాకు ఈ రూమే ఎందుకొచ్చింది?" అని. ఎవరో కూర్చుని తమ గురించి ఆలోచించి ఇచ్చారనుకుంటారు. హార్వర్డ్ లాంటి చోట ఫస్టియర్ వాళ్ల ఫారాలు సిబ్బందే చదివి గదులు కుదిర్చే పద్ధతి ఉంది. వేలమంది ఒకేసారి చేరే మాలాంటి స్టేట్ యూనివర్సిటీలో అది అయ్యే పని కాదు. ఇక్కడంతా వరుస ప్రకారమే.

వీల్‌చైర్ వాడేవాళ్లు, తీవ్రమైన అలర్జీలున్నవాళ్లు, అలా డాక్టర్ కాగితాలు గడువులోగా పంపినవాళ్లు మొదట. వాళ్ల గదులు మేమే ఒక్కొక్కటీ చూసి వేస్తాం. తర్వాత ఆనర్స్, ఇంజినీరింగ్ లాంటి గ్రూపుల కోసం పక్కన పెట్టిన ఫ్లోర్లు నింపుతాం. ఆ తర్వాత ఒకరినొకరు కోరుకున్న జంటలు. ఇద్దరూ ఒకరి పేరొకరు రాస్తేనే లెక్క, ఒక్కరే రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకోదు. మిగిలిన వాళ్లంతా అప్లికేషన్ వేసిన తేదీ ప్రకారం వస్తారు, ఫారంలో రాసిన అలవాట్లు చూసి సాఫ్ట్‌వేరే వాళ్లని జత చేస్తుంది. వేరే యూనివర్సిటీల్లో లాటరీ నంబర్లు ఉంటాయి, లేదా పిల్లలే వాళ్ల టైమ్ వచ్చినప్పుడు పోర్టల్‌లోకి వెళ్లి ఎంచుకుంటారు. మా స్క్రీన్ మీద కనిపించేది గది కూడా కాదు, మంచం. 412ఎ, 412బి అని ఉంటుంది. ఎ గడిలో ఒక పేరు, బి గడిలో ఇంకో పేరు.

మంచాలు ఎప్పుడూ చాలవు. సాధారణంగా మే 1లోగా డిపాజిట్ కట్టి వస్తామన్నవాళ్లలో కొందరు ఆగస్టుకి రారు. ఎందరు రారో ముందే అంచనా వేసి, ఉన్న మంచాల కంటే ఎక్కువమందికి మాట ఇస్తారు. అంచనా తప్పితే ఇద్దరి గదిలో ముగ్గురుంటారు, లేదా ఫ్లోర్‌లో అందరూ కూర్చునే లౌంజ్‌లో సోఫాలు తీసేసి మంచాలు వేస్తారు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ 2022లో ఫస్టియర్‌లో చేరినవాళ్లకి నాలుగేళ్లూ హౌసింగ్ గ్యారంటీ అని ప్రకటించింది. అక్కడ ముగ్గురుండే గదులు మామూలే. లౌంజ్ వచ్చిన పిల్లలకి చెప్పడమే నాకు కష్టం. "ఖాళీలు రాగానే మిమ్మల్నే ముందు మారుస్తాం" అని చెప్తాను. అది నిజమే. అయినా గొంతు అవతల డీలా పడటం వినిపిస్తుంది.

మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేశారు. నా పేరు వినగానే, "తెలుగమ్మాయివా తల్లీ?" అన్నారు. వాళ్లమ్మాయికి తెలుగమ్మాయినే రూమ్‌మేట్‌గా వేయించమని అడిగారు. "ఆంటీ, మా ఫారంలో భాష, కులం, మతం అడిగే గడే లేదు" అన్నాను. అమ్మాయి అనుమతి లేకుండా తన గది వివరాలు కూడా చెప్పకూడదని, తననే ఫోన్ చేయమనండి అని చెప్పాను. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది. ఇల్లు దాటి మొదటిసారి వెళ్తున్న పిల్ల.

కానీ తెలియనివాళ్లతో కలిపి వేయడమే మంచిదని నాకు గట్టి నమ్మకం. డ్యూక్ యూనివర్సిటీ 2018లో ఫస్టియర్ పిల్లలు రూమ్‌మేట్‌ని ముందే ఎంచుకునే వీలు తీసేసింది. సోషల్ మీడియాలో తమలాంటి నేపథ్యం వాళ్లనే వెతుక్కుని జతకడుతున్నారని దాని ఆందోళన. డార్ట్‌మౌత్ కాలేజీలో అలా కలిపి వేసిన రూమ్‌మేట్ల మీద ఆర్థికవేత్త బ్రూస్ సాసెర్డోట్ 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. రూమ్‌మేట్ ప్రభావం మార్కుల మీద, ఫ్రాటర్నిటీలనే విద్యార్థుల సంఘాల్లో చేరడం మీద కనిపించింది, ఏ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) తీసుకోవాలన్న నిర్ణయం మీద మాత్రం కనిపించలేదు. పక్క మంచం మనిషి మన చదువుదాకా వస్తాడన్నమాట. అలాంటప్పుడు ఆ చోటు మనకి తెలిసిన ప్రపంచంతోనే నింపుకోవడం నాకు నచ్చదు.

దానికి ఒకటే షరతు, ఫారంలో నిజం రాయాలి. ఎన్నింటికి పడుకుంటావు, గది ఎంత శుభ్రంగా ఉండాలి, గదిలోనే చదువుకుంటావా, స్నేహితులు వస్తుంటారా. ఇంతే, నాలుగైదు ప్రశ్నలు. సాఫ్ట్‌వేర్ దగ్గర మన గురించి ఉన్న సమాచారం అదొక్కటే. చాలా ఫారాలు చూశాక నాకనిపించేది, పిల్లలు తాము ఎలా ఉన్నారో కాక ఎలా ఉండాలనుకుంటున్నారో రాస్తారని. కొన్ని అమ్మానాన్నలు నింపుతారు, అది జవాబుల్లోనే తెలిసిపోతుంది.

ఆఫీసు మూసే వేళకి ఆ ఆంటీ వాళ్లమ్మాయే చేసింది. ఐడీ నంబరు చెప్పింది, ఫారం తెరిచాను. రాత్రి పదింటికల్లా నిద్ర, పొద్దున్నే లేవడం అని ఉంది. "అక్కా, అది అమ్మ రాసింది. నేను రెండింటిదాకా పడుకోను" అంది. అలాట్‌మెంట్ అయిపోయింది, మళ్లీ కలపడం కుదరదు. రూమ్ మార్పులు కూడా క్లాసులు మొదలైన రెండు వారాల తర్వాతే. రూమ్‌మేట్‌కి ఈరోజే మెయిల్ రాసి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. మొదటి వారాల్లో ఆర్ఏ, అంటే ఫ్లోర్ బాగోగులు చూసే సీనియర్ స్టూడెంట్, ఇద్దరినీ కూర్చోబెట్టి రూమ్‌మేట్ అగ్రిమెంట్ రాయిస్తారు, లైట్లు ఎప్పుడు ఆర్పాలో అందులో ముందే పెట్టుకోవచ్చన్నాను. "ఆమెకి వెలుతురు పడకపోతే నేను స్టడీ రూమ్‌కి వెళ్తాలే" అంది. ఆ ఫ్లోర్‌లో స్టడీ రూమ్ ఎక్కడుందో మ్యాప్ చూసి చెప్పాను, రాత్రంతా తెరిచే ఉంటుందని కూడా.