లీకు వెతకడానికి అట్టముక్క

మా జేసీబీకి పొద్దున్నే ఇంజన్ ఆయిల్, కూలెంట్ చూసి, బకెట్ పిన్నులకు పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టిస్తాను. ఇదంతా అందరికీ తెలిసిందే. నా టెన్షనల్లా హైడ్రాలిక్ హోస్‌ల గురించే, అంటే బకెట్‌ను కదిపే ఆయిల్ పారే రబ్బరు పైపులు. లోపల ప్రెషర్ 200 బార్ పైనే. కారు టైరులో రెండు, రెండున్నర ఉంటే ఎక్కువ. సూదిమొనంత చిల్లు పడినా ఆయిల్ కంటికి కనపడనంత సన్నగా చిమ్మి చర్మంలోకి దిగిపోతుంది. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, దాంతో ఆసుపత్రికి వెళ్లరు. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు.

లీకు కోసం పైపును చేత్తో తడమొద్దంటే, "గ్లౌజులున్నాయిగా అన్నా" అంటాడు మా హెల్పర్. గ్లౌజు దాన్ని ఆపదురా బాబూ! అందుకే చెయ్యికి బదులు పైపు వెంట జరిపి, ఆయిల్ మరక ఎక్కడ పడుతుందో చూడమని అట్టముక్క ఇచ్చాను. పైపు విప్పాలంటే బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ పోగొట్టాకే స్పానర్ ముట్టుకోనిస్తాను.