గేమ్ మోడ్లు ఎంతవరకు క్షేమం?

బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే ఆటలో మన ఆర్టీసీ బస్సు నడుస్తున్నదంటే, ఆ పని చేసినది ఆటను తయారుచేసిన సంస్థ కాదు. ఎక్కడో ఒక అభిమాని తన తీరిక సమయంలో బస్సు రంగులను, పక్కన రాసే అక్షరాలను శ్రద్ధగా గీసి, డబ్బు అడగకుండా నలుగురికీ పంచిపెట్టాడు. ఆడేవాళ్లే ఆటకు చేర్చే ఇటువంటి చేర్పులను మోడ్లు అంటున్నాం. తిరుపతిలో మా బంధువుల పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు వీటిని విరివిగా వాడుతున్నారు. వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లు మొరాయించినప్పుడు నా దగ్గరకు తెస్తూ ఉంటారు కాబట్టి, "ఈ మోడ్ వేసుకుంటే వైరస్ వస్తుందా?" అనే ప్రశ్న నాకు బాగా పరిచయం. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. ఆ మోడ్ ఎటువంటిది, అది నడిచే యంత్రంలో ఇంకేమేమి ఉన్నాయి అన్న రెండు సంగతులు తెలియకుండా ఆ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పలేము.

మోడ్లలో కొన్ని కేవలం బొమ్మలు, శబ్దాలు. మరికొన్ని నిజమైన ప్రోగ్రాములు. మైన్‌క్రాఫ్ట్‌లో రిసోర్స్ ప్యాక్ వేస్తే గోడల రంగు, నీటి చప్పుడు మారతాయి తప్ప అందులో నడిచే కోడ్ ఉండదు. అదే ఆట జావా ఎడిషన్‌కు ఫోర్జ్, ఫ్యాబ్రిక్ అనే మోడ్ లోడర్లలో ఒకదాని ద్వారా చేర్చే మోడ్ జార్ ఫైలు రూపంలో వస్తుంది; అది పూర్తి స్థాయి జావా ప్రోగ్రామ్. మనం ఏ యూజర్ పేరుతో లాగిన్ అయి ఆట ఆడుతున్నామో, ఆ యూజర్‌కు అందే ఫైళ్లన్నీ ఆ మోడ్‌కూ అందుతాయి. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌తో చేసిన ఆటలకు బెప్‌ఇన్‌ఎక్స్ అనే పనిముట్టు ద్వారా తగిలించే డీఎల్ఎల్ (కోడ్ ఉండే) ఫైళ్ల సంగతీ అంతే. సిమ్స్ 4 ఆడేవారికి ఈ తేడా ఫైలు పేరులోనే కనిపిస్తుంది: దుస్తులు, సామాన్లు ప్యాకేజ్ ఫైళ్లుగా వస్తాయి, ఆట నడకను మార్చేవి టీఎస్4స్క్రిప్ట్ ఫైళ్లుగా వస్తాయి, ఆ రెండో రకంలో పైథాన్ కోడ్ ఉంటుంది. 2024 మార్చిలో ఆ ఆట మోడ్లలో హానికరమైన కోడ్ బయటపడినప్పుడు అది ఈ స్క్రిప్ట్ ఫైళ్ల దారిలోనే వచ్చింది. ఫాక్టోరియో వంటి కొన్ని ఆటలు మోడ్ రచయితలకు లువా అనే ప్రోగ్రామింగ్ భాషను మాత్రమే ఇచ్చి, ఆ కోడ్ ఆట గడప దాటకుండా కట్టడి చేస్తాయి. నా దృష్టిలో మంచి పద్ధతి అదే.

అయితే కట్టడి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునని కాదు. డోటా 2 ఆటలో అభిమానులు తయారుచేసిన నాలుగు కస్టమ్ గేమ్‌లు (ఆ ఆటలోనే కొత్త తరహాలో ఆడుకునేవి) హానికరమైనవని అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ పరిశోధకులు 2023 ఫిబ్రవరిలో వెల్లడించారు. ఆ ఆట లోపల జావాస్క్రిప్ట్ నడిపే వీ8 ఇంజిన్ పాతబడి ఉంది. గూగుల్ 2021లోనే సరిచేసిన లోపం అందులో అలాగే మిగిలిపోయింది. దాడి చేసినవాడు ఆ సందులోంచి ఆటను దాటి కంప్యూటర్‌లోకి చేరే దారి వేసుకున్నాడు. పరిశోధకులు తెలియజేశాక ఆ ఆటను తయారుచేసిన వాల్వ్ సంస్థ ఆ లోపాన్ని సరిచేసింది. ఆటను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోమని పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఈ ఉదంతాన్నే చెబుతాను.

"పేరున్న సైటు నుంచే దించుకున్నాను కదా" అనే మాట చాలామంది అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఊరూ పేరూ లేని చోటుకంటే కర్స్‌ఫోర్జ్, మోడ్రింత్, నెక్సస్ మోడ్స్, స్టీమ్ వర్క్‌షాప్ వంటివి ఎంతో మేలు. తప్పు బయటపడగానే ఫైలును తీసివేసే మనుషులు అక్కడ ఉన్నారు, దించుకున్నవారికి హెచ్చరిక ప్రకటించే మార్గమూ ఉంది. కానీ పెద్ద ఉదంతాలలో కొన్ని అటువంటి చోట్లనే జరిగాయి. 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్‌లోనూ, బుక్కిట్ అనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ప్లగిన్ల (సర్వర్‌కు చేర్చే కోడ్) సైటులోనూ కొందరు రచయితల ఖాతాలు పరాయి చేతుల్లో పడి, నమ్మకస్తులైన మైన్‌క్రాఫ్ట్ రచయితల పేర్లతోనే సోకిన ఫైళ్లు వెలువడ్డాయి. ఫ్రాక్చరైజర్ అని పేరుపెట్టిన ఆ మాల్వేర్ (హానికరమైన ప్రోగ్రామ్) విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ పనిచేసింది. బ్రౌజర్ కుకీలను (మనం లాగిన్ అయి ఉన్నామని సైటు గుర్తుపట్టే చిన్న ఫైళ్లను), డిస్కార్డ్, మైక్రోసాఫ్ట్ ఖాతాల లాగిన్ వివరాలను దొంగిలించింది. ఎవరైనా క్రిప్టో కరెన్సీ పంపడానికి చిరునామా కాపీ చేసుకుంటే దాని స్థానంలో దొంగ చిరునామాను ఉంచింది. అన్నిటికంటే భయంకరంగా, డిస్కులో దొరికిన ఇతర జార్ ఫైళ్లలోకి కూడా తానే చొరబడింది. దానిని విప్పి చూసి, సోకిందో లేదో కనిపెట్టే పనిముట్లు రాసి పంచినవారిలో ఎక్కువమంది జీతం లేని మోడ్ రచయితలేనన్న సంగతిని కూడా ఇక్కడే చెప్పాలి. మోడ్లు వద్దని పిల్లలను గద్దించే పెద్దలు ఈ ఉదంతంలోని ఈ రెండో సగాన్ని వినరు.

అదే ఏడాది డిసెంబరు 25న స్లే ద స్పైర్ ఆటకు అభిమానులు చేసిన డౌన్‌ఫాల్ అనే విస్తరణకు ఆటలు అమ్మే స్టీమ్‌లోనే ఇటువంటి ఆపద వచ్చింది. రచయితలలో ఒకరి ఖాతాలు చేజారడంతో సుమారు ఒక గంటపాటు, పాస్‌వర్డ్లు కాజేసే ప్రోగ్రామ్‌తో కూడిన అప్‌డేట్ ఆటగాళ్లకు చేరింది. పండుగ సెలవు కదా అని ఆ వేళ ఆట తెరిచినవారు కొత్తగా ఏదీ దించుకోలేదు, ఏ లంకెనూ నొక్కలేదు. ఏనాడో నమ్మి పెట్టుకున్నదే మారిపోయి వచ్చింది. అలిపిరి తనిఖీ కేంద్రంలో ప్రతి సంచినీ చూసి పంపిన వాహనంలోకి ఘాట్ రోడ్డు మలుపులో ఎవరో మరొక సంచి పెట్టినట్టుగా ఉంటుంది ఈ స్వయంచాలక అప్‌డేట్ వ్యవహారం. అందుకే కోడ్ ఉన్న మోడ్ల విషయంలో కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎగబడకుండా ఒక వారమైనా ఆగమని నేను చెబుతున్నాను. ఆ వారంలో తొందరపడినవారి అనుభవం బయటకు వస్తుంది. దీనికీ హద్దు ఉంది. ఫ్రాక్చరైజర్ సోకిన ఫైళ్లలో కొన్ని బయటపడటానికి వారాల ముందు నుంచే తిరుగుతున్నాయి. ఆగడం వల్ల ప్రమాదం తగ్గుతుందే గాని తొలగిపోదు.

వైరస్‌టోటల్ సైటులో ఫైలును పెట్టి చూడటం మంచి అలవాటు. 70కి పైగా యాంటీవైరస్ ఇంజిన్లు ఒకేసారి పరీక్షిస్తాయి. ఆ ఫలితాన్ని చదవడంలోనే చిక్కు ఉంది. ఆటలోకి చొరబడి పనిచేసే స్వభావం ఉన్నందువల్ల నిర్దోషమైన మోడ్లను కూడా ఒకటి రెండు ఇంజిన్లు అనుమానిస్తాయి. మరోవైపు, చీట్ల (ఆటలో అడ్డదారిన గెలిపించే ప్రోగ్రాముల) పేరుతో గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో పెట్టిన దొంగ మైన్‌క్రాఫ్ట్ మోడ్ల గురించి 2025 జూన్‌లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు రాసినప్పుడు, వాటిలోని తొలి జావా ఫైలు యాంటీవైరస్‌ల కంట పడకుండా తిరిగిందని తేల్చారు. అందుచేత ఎర్ర గుర్తులు ఎక్కువగా వస్తే ఆ ఫైలును వదిలేయాలి. అన్నీ పచ్చగా వస్తే, ఇప్పటివరకు ఎవరూ పట్టుకోలేదని మాత్రమే అర్థం చేసుకోవాలి.

ఒక సంకేతాన్ని మాత్రం నేను ఎప్పుడూ ఉపేక్షించను. చిత్తూరులో ఉండే మా మేనల్లుడు ఒకసారి ఫోన్ చేసి, "మామా, డిఫెండర్ ఆఫ్ చేస్తే గానీ ఇది పని చేయదంట, చేసేదా?" అని అడిగాడు. డిఫెండర్ అంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్. వద్దని చెప్పాను. యాంటీవైరస్‌ను ఆపమని కోరే ఫైలు, పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వచ్చి ఆ పాస్‌వర్డ్‌ను వీడియో కింద రాసి ఉంచిన ఫైలు, బొమ్మల మోడ్ అని చెప్పి ఈఎక్స్ఈ (నేరుగా నడిచే ప్రోగ్రామ్) రూపంలో వచ్చే ఫైలు, ఈ మూడింటినీ తెరవకుండానే తీసివేయాలి. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టడం ఎక్కువగా స్కానర్లు లోపలికి చూడకుండా చేయడానికే. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచి ఉంచుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో దానిని కనబడేలా పెట్టుకుంటే, బొమ్మ ముసుగులో వచ్చిన ప్రోగ్రామ్ అక్కడే దొరికిపోతుంది.

ఇక రెండో సంగతి, అంటే ఆ యంత్రంలో ఇంకేమేమి ఉన్నాయన్నది. నన్ను అసలు కలవరపెట్టేది ఇదే. మన ఇళ్లలో ఆటలకు వేరే కంప్యూటర్ ఉండదు. తండ్రి నెట్ బ్యాంకింగ్, కూతురి ఈఏపీసెట్ దరఖాస్తు, కొడుకు మైన్‌క్రాఫ్ట్ అన్నీ ఒకే యంత్రంలో, ఒకే లాగిన్‌లో ఉంటాయి. తిరుపతి ఇళ్లలో దీనికి తోడు మరొకటి ఉంటుంది. ఇతర ఊళ్ల బంధువులు 300 రూపాయల దర్శనం టికెట్లు తీయమని మనకే ఆధార్ కార్డుల ఫొటోలు పంపుతారు; అవి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏళ్ల తరబడి పోగుపడి ఉంటాయి. పదేళ్ల పిల్లవాడు వేసిన ఒక జార్ ఫైలుకు ఆ కుటుంబాలన్నిటి కాగితాలూ అందుబాటులో ఉన్నాయన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ నాకు మనసు కుదుటపడదు. పాస్‌వర్డ్లు దొంగిలించే ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా అక్కరలేదు, ఆ యూజర్ ఫైళ్లు చదవగలిగితే చాలు. పైగా బ్రౌజర్ కుకీని ఎత్తుకెళ్లినవాడు అప్పటికే లాగిన్ అయి ఉన్న ఖాతాలోకి దిగుతాడు గనుక ఓటీపీ అడిగే ఘట్టమే చాలాసార్లు రాదు.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఒకటుంది. విండోస్‌లో పిల్లలకు వేరే యూజర్ ఖాతాను అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేకుండా తెరిచి, దానికీ పెద్దల ఖాతాకూ వేర్వేరు పాస్‌వర్డ్లు పెట్టి, ఆటలన్నీ ఆ ఖాతాలోనే ఆడించాలి. అప్పుడు మోడ్ చెడ్డదైనా అది చదవగలిగేది ఆ పిల్లవాడి ఫోల్డర్లనే. పెద్దల బ్రౌజర్, డాక్యుమెంట్లు దానికి సులువుగా చిక్కవు. మధ్యలో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగితే పిల్లవాడు పెద్దలను పిలవవలసి వస్తుంది, ఆ పిలుపే ఒక రక్షణ. ఆధార్ ఫొటోలను టికెట్ తీసిన వెంటనే చెరిపివేయడం మోడ్లతో సంబంధం లేకుండానే చేయవలసిన పని.

ఫోన్ల విషయంలో నా అభిప్రాయం మరింత కఠినం. బస్ సిమ్యులేటర్‌లో బస్సుకు వేసే లివరీ (పై రంగులు, రాతలు) ఒక బొమ్మ ఫైలు. బస్సు మోడ్ ఆ ఆట మాత్రమే తెరిచే ఫైలు. ఈ రెండింటికీ ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ చేయవలసిన అవసరమే లేదు. కానీ వీడియో కింది లంకె నొక్కితే నాలుగైదు ప్రకటనల పేజీలు తిప్పి, చివరకు "అపరిమిత డబ్బు" అంటూ ఒక ఏపీకేను చేతిలో పెడతారు. అది మోడ్ కాదు, ఎవరో విప్పి మళ్లీ కట్టిన మొత్తం యాప్. అసలు తయారీదారు డిజిటల్ సంతకం దాని మీద ఉండదు. ఆట అయి ఉండి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతినో, యాక్సెసిబిలిటీ అనుమతినో అడిగితే ఇక సందేహించవలసిన పని లేదు: బ్యాంకు సందేశాలు వచ్చే ఫోన్‌లో ఆ అనుమతులు ఇవ్వడమంటే ఓటీపీలను, తెరను పరాయివాడికి అప్పగించడమే. మోడ్ చేసిన ఏపీకేలను మా ఇంట్లోని ఏ ఫోన్‌లోనూ నేను ఒప్పుకోను.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా సోకిందన్న అనుమానం కలిగితే, ముందు ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీసివేయాలి. పాస్‌వర్డ్లు మార్చడం అదే యంత్రం నుంచి కాకుండా వేరే పరికరం నుంచి, మొదట ఈమెయిల్‌కు, తరువాత బ్యాంకుకు చేయాలి. ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసే ఎంపికను కూడా వాడాలి, లేకపోతే దొంగిలించిన కుకీ ఇంకా చెల్లుబాటు కావచ్చు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఖాతాలు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తరువాత విండోస్‌ను పూర్తిగా మళ్లీ వేసుకోవాలి. అప్పుడు పిల్లలు తమ పాత మోడ్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని తిరిగి పెట్టమని తప్పక బతిమాలుతారు. వాళ్లు కట్టుకున్న ప్రపంచాల సేవ్ ఫైళ్లను దాచి ఇవ్వవచ్చు, వాటి వెనుక ఎన్నో నెలల శ్రమ ఉంటుంది. జార్ ఫైళ్లను మాత్రం ఒక్కటి కూడా వెనక్కి తేకుండా, అన్నిటినీ అసలు చోటు నుంచి కొత్తగా దించుకోవాలి.