డ్రమ్స్ మీద ఎవరు కూర్చోవాలి

ఆదివారం.

మా డ్రమ్మర్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైంది. పొద్దున గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ చెప్పాడు. సంతోషమే, ఇంట్లో వాడి జీతం అవసరం. కానీ వాడు పోతే బ్యాండ్ నిలబడుతుందా అని నాకు ఒకటే టెన్షన్.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వేపచెట్టు కింద మంచం వేసుకుని ఫోన్‌లో అమెరికా పంక్ రాక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ పెట్టాను. 1976లో వచ్చింది. 14 పాటలూ కలిపి అరగంట కూడా ఉండవు.

వాళ్లు న్యూయార్క్‌లో క్వీన్స్ కుర్రాళ్లు. 1974లో మొదలుపెట్టినప్పుడు జోయీ పాడేవాడు కాదు, డ్రమ్స్ కొట్టేవాడు. డీ డీ బేస్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. రెండూ ఒకేసారి కుదరలేదు, గొంతూ నిలవలేదు. దాంతో పాట జోయీకి అప్పజెప్పారు. మరి డ్రమ్స్? చాలామందిని పిలిపించి చూశారు. వీళ్లకు కావలసింది హంగులు లేకుండా సూటిగా, ఆగకుండా కొట్టే దెబ్బ. అది ఎవరికీ పట్టుబడలేదు. మేనేజర్‌గా ఉన్న టామీయే కూర్చుని ఇలా కొట్టాలని చూపించేవాడు. చూపించి చూపించి చివరికి ఆయనే డ్రమ్మర్ అయ్యాడు. అంతకుముందు ఆయన చేతిలో ఉన్నది గిటార్! స్కూలు రోజుల్లో, ఈ బ్యాండ్ గిటారిస్ట్ జానీతో కలిసి వేరే బ్యాండ్‌లో వాయించాడు.

ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. జానీ గిటార్ మీద చెయ్యి పైనుంచి కిందికే కొడుతూ అంత జోరుగా పోతుంటే, వెనక టామీ లెక్క ఒక్క పిసరు తప్పదు. 1978లో టూర్లతో అలిసిపోయి స్టేజీ దిగాడు, డ్రమ్స్ మీదికి మార్కీ వచ్చాడు. అయినా ఆ ఏడాది ఆల్బమ్ రికార్డింగ్ దగ్గర టామీ ఉన్నాడు. నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

సాయంత్రం ప్రాక్టీసుకు మా చిన్నమ్మ కొడుకును తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ మా వైర్లు చుట్టిపెట్టి, స్పీకర్లు మోసినవాడు. స్టూలు మీద కూర్చోగానే ఉత్సాహంతో ఉరికాడు. మా డ్రమ్మర్ వెనక నిలబడి వాడి భుజం మీద రెండు వేళ్లతో తాళం వేస్తూ, "ఆగు తమ్మీ, జర నిమ్మలంగా" అన్నాడు. నాలుగో పాటకల్లా ఇద్దరి లెక్కా కలిసింది.

బుధవారం మళ్లీ ప్రాక్టీసు. ఆలోపు కొత్త స్టిక్స్ కొనాలి, పాతవి వాడు హైదరాబాద్ పట్టుకుపోతాడట.