నడిగడ్డలో ఆగస్టు

కాచిగూడలో కర్నూలు రైలెక్కితే కృష్ణ దాటగానే గద్వాల. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నేల కాబట్టి నడిగడ్డ అంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణలో అన్నిటికన్నా కింద. హైదరాబాద్‌ది 83.25. కరువు వల్లే చదువు లేదనుకుని వచ్చేవాళ్లకు గట్టు మండలం దారిలో కనబడేది మాత్రం పచ్చని సీడ్ పత్తి, అంటే కంపెనీలకు హైబ్రిడ్ విత్తనం కోసం పెంచే పత్తి.

చేలో పని దగ్గర్నించి చూస్తేగానీ అసలు సంగతి తెలియదు. మర్నాడు విచ్చే మొగ్గను మధ్యాహ్నం బొటనవేలి గోటితో చీల్చి, రేకుల్నీ కేసరాల్నీ ఒక్క చుట్టుగా ఊడదీస్తారు. గోరు లోతుగా దిగిందా, కాయ రాలిపోతుంది. మర్నాడు తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మగ పువ్వు పుప్పొడి రుద్దాలి. ఒక పువ్వు ఐదారు మొగ్గలకు సరిపోతుంది. వాన పడితే పుప్పొడి పగిలి ఆ పూట పని వృథా. చూడక వదిలేసిన మొగ్గ సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది. అలాంటి గింజలు ఎక్కువ కలిస్తే జీఓటీ (విత్తన స్వచ్ఛత పరీక్ష) ఫెయిల్, రైతుకు డబ్బు రాదు. అందుకే క్రాసింగ్, అంటే ఈ మొగ్గల పని, మొదలయ్యాక రెండు నెలలు ఒక్క పూట కూడా ఆపరు.

అన్నాళ్లు అంతమంది పెద్ద కూలీలను పెడితే రైతుకు గిట్టదు. అందుకే పిల్లల్ని దింపుతారు. చెట్టు పిల్లల ఎత్తే, వంగనక్కర్లేదు. కంపెనీకీ రైతుకీ మధ్యనుండే ఆర్గనైజరు అడ్వాన్సు ముందే ఇంటికి చేరి ఉంటుంది. బడి జూన్‌లో తెరుస్తారు, ఆగస్టుకల్లా బెంచీలు పలచబడతాయి. ‘దసరా దాకా రారు సార్’ అని టీచర్లే చెబుతారు. భాగహారం, భిన్నాలు ఆ రెండు నెలల్లోనే దాటిపోతాయి. తిరిగొచ్చిన పిల్లకు తర్వాతి పాఠం అందదు. అలా రెండేళ్లు గడిస్తే బడి మానేయడం మామూలే.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదన్న బాల కార్మిక చట్టం 2016 సవరణలో, బడి అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబం పనికి సాయపడొచ్చన్న వెసులుబాటు ఉంది. పొలంలో అడిగితే ప్రతి పిల్లా సొంతింటి పిల్లే!

చదువు ఆగిన దెబ్బ ఊరికీ తగులుతుంది. అంగన్‌వాడీ టీచరు స్థానికురాలై ఉండాలి, చదువూ ఉండాలి. చదివిన ఆడపిల్ల లేని ఊళ్లో ఆ జీతం కూడా ఊరికి దక్కదు. ఊరి బడికి పంతులూ బయటినుంచే వస్తాడు, బస్సు వేళకు వెళ్లిపోతాడు.

నా లెక్కలో ఇక్కడ గట్టిగా పనిచేసేది ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి, కస్తూర్బా విద్యాలయమే. హాస్టల్లో ఉన్న పిల్లను పొద్దున్నే ఆటో ఎక్కించుకోలేరు. కాకపోతే ఆరో తరగతి నుంచే చేర్చుకుంటారు, చేలో పని అంతకుముందే మొదలవుతుంది. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు క్రాసింగ్ నెలల్లో నడిచే సీజనల్ హాస్టల్ కావాలి. దానికి జూన్‌లోనే, అడ్వాన్సులు పంచకముందే పేర్లు రాసుకోవాలి.