వేసవి శిక్షణ, ఒక తీసివేత లెక్క

ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ అందాలని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. మాకు అందులో ఎక్కువ భాగం మే నెల ఎండల్లోనే, మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో గడిచిపోతుంది. ఉపాధ్యాయుల కోసం కేంద్రం 2019లో మొదలుపెట్టిన నిష్ఠ శిక్షణ కరోనా ఏడాదిలో దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక మీదికి మారినప్పుడు, ఫోనులో వీడియో నడుస్తుండగా పక్కన కూర తరుక్కున్నవారిలో నేనూ ఒకరిని కనుక, ఆన్‌లైన్ ధ్రువపత్రాల మీద నాకు పెద్ద గురి లేదు.

ఈసారి మాత్రం ఒక గంట గుర్తుండిపోయింది. 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన పిల్లవాడి నోటు పుస్తకాన్ని మా ముందుంచిన రిసోర్సు పర్సన్, అంటే మాకు శిక్షణ ఇచ్చేవారు, తప్పని కొట్టివేయకుండా, ఆ పిల్లవాడు ఎలా ఆలోచించి ఉంటాడో చెప్పమన్నారు. రెండులోంచి ఏడు పోదు కనుక వాడు ఏడులోంచి రెండు తీసివేశాడు. ఆ సంగతి గ్రహించి, పదుల కట్ట విప్పి చీపురు పుల్లలతో చేసి చూపడానికి, ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మాకు సైతం కొంతసేపు పట్టింది.

మధ్యాహ్న భోజనం వండే అక్కలను, ఆయాలను మాత్రం మా దగ్గర ఈసారి ఏ తరగతికీ పిలవలేదు. ఏ పిల్ల అన్నం వదిలేస్తోందో, ఎవరికి ఒంట్లో బాగాలేదో మాకంటే ముందు పసిగట్టేది వాళ్లే. ప్రథమ చికిత్స మీద ఒక్క పూట కేటాయించినా, మాతోపాటే కూర్చోబెట్టి నేర్పి ఉండవచ్చు.